హిల్డమ్మ ఇంటి నంబరు ఇరవై ఏడు

అట్ల గడప కాడ నిలబడి చూస్తే ఏం తెలుస్తాదప్పా గిడ్డయ్యా? లోపలికి రా. ఆ ఫోను నా మొహం మీద పెట్టద్దు, కండ్లు సరిగ్గా ఆనవు నాకు. పొద్దున్నే కోడుమూరులో బస్సెక్కినట్టుండావు. కూచో. ముందు కూచోప్పా.

ఏమే ఈరక్కా! తనూజ వాళ్ల నాయన వచ్చినాడు. రెండు గ్లాసుల కాఫీ పెట్టు.

చూసినాలే ఫోటో, నాకూ పంపింది పిల్ల. తడి రోడ్డు, షట్టరు దించిన టైర్ల అంగడి, దాని ముందర నీ కూతురు పెట్టె. షట్టరు మీద ఇరవై ఏడు. నంబరు బరాబరే. వీధి గూడా బరాబరే. హిల్డమ్మ ఫోను నంబరు కావాల, అంతే గదా? ఇస్తా. ఇయ్యకుండా యాడికి పోతా?

జర్మనీలో ఆ డోర్ట్‌ముండ్ అంటే నాకు మన కోడుమూరు సంత మాదిరి. కండ్లకు గంతలు కట్టి వదిలినా స్టేషన్ నుంచి హిల్డమ్మ ఇంటికి నడిచిపోతా. పదకొండేండ్లు, ఆఁ! పదకొండేండ్లు తిరిగిన నేల.

ఏందే ఈరక్కా, లోపల గిన్నెలు ఎత్తేస్తాండావు? మెల్లగా.

ఆడ ఇప్పుడు టైమెంత? ఈడ పదకొండున్నర. అంటే ఆడ ఏడు. ఇంకా తెల్లారింటాదో లేదో. చలికాలం గదా, ఆడ సూర్యుడు గూడా సర్కారు ఆఫీసు మాదిరి, పది దాటినాకనే మొహం చూపిస్తాడు.

నవ్వవేమప్పా? ఈ మాటకు నా జర్మన్ క్లాసు మొత్తం నవ్వేది. తొమ్మిది మంది. ఏడుగురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లోళ్లు, అందరూ నర్సింగు చదివినోళ్లే. కర్నూలులో ఎన్ని కోచింగు సెంటర్లు లేవు? ఏసీలు, అద్దాల తలుపులు. నాది మిద్దె మీద రేకుల షెడ్డు. ఎండాకాలం ఆ రేకుల కింద కూచుంటే తలకాయలో మెదడు ఉడికేది. అయినా తొమ్మిదికి తొమ్మిది మంది పాసు! జిల్లాలో, కాదు, రాష్ట్రంలో, దేశంలోనే ఇంకొకడు చేసినాడేమో చెప్పమను. మీసం తీసేస్తా.

ఇంట్లో ప్రతి వస్తువుకూ చీటీ అంటించినా, జర్మన్‌లో పేరు రాసి. తలుపుకు, బానకు, రుబ్బురోలుకు. భూపేష్ గాడు, వాడు తుంటరోడు, మా ఇంటామె, ఈ ఈరక్క వీపుకు అంటించినాడు ఒక చీటీ. ఏం రాసినాడో తెలుసా? 'హెడ్‌మాస్టర్' అని. పొద్దంతా ఈమె అట్లే తిరిగింది, కూరగాయల బండి కాడికి గూడా అట్లే పోయింది. నేను చెప్పలేదు. ఆ రుబ్బురోలు మీద చీటీ ఇప్పటికీ ఉండాది, చూడు. ఊడబెరకనీలే నేను.

నీ కూతురు ఒక మూల కూచునేది. నోరెత్తేది కాదు, చేతులు మాత్రం ఆడుతా ఉండేవి. ఏంది పాపా, దోమలు కొడతాండావా అంటే, "లేదు సార్, మా నాయన మగ్గం చప్పుడు గుర్తు చేసుకొని దాని మీద కంఠతా పడతాండా" అనింది. నీకు తెలుసా ఆ సంగతి? ఇంట్లో నువ్వు మగ్గం నేస్తాంటే మగ్గం గుంత గట్టు మీద కూచోని నీ చెవి పక్కనే అప్పజెప్పేదంట గదా.

ఆ పిల్లకు అందరికంటే ఎక్కువ మార్కులు. చెప్పినా గదా, నా శిష్యురాలు.

ఊఁ. వస్తాండా, అక్కడికే వస్తాండా. తొందరపెట్టద్దప్పా.

కడాకు క్లాసు ముగించిన పొద్దు గుర్తుందా నీకు? నువ్వూ వచ్చింటివి గదా. షామియానా వేయించినా, ఇరవై కుర్చీలు తెప్పించినా. పిల్లోళ్లు కేకు తెచ్చినారు. భూపేష్ కోటు వేసుకొని చెమటలు కక్కుతాండె. హర్షిణి మాట్లాడతా మాట్లాడతా ఏడ్చేసింది. నేను ఏడవలే. నా కండ్లలో దుమ్ము పడింది, అంతే.

మీ పెద్దోళ్లు మాత్రం కేకు ముట్టలే. వరసగా కూచోని నన్నే చూస్తాండిరి. అప్పుడు నీ భార్య లేచింది. కొంగు నోటి మీద పెట్టుకొని అడిగింది. "సార్, ఆ దేశంలో మనోళ్లు ఎవురన్నా ఉండారా?"

జీతం అడగలే, అగ్రిమెంటు అడగలే. మనమంతే గదప్పా. హైదరాబాదు పోతాండా అన్నా, బళ్లారికి పోతాండా అన్నా మొదట అడిగేది అదే. ఫలానా ఓబుళేశు పంపినాడు అని చెప్పుకునేదానికి ఒక్క గడప ఉంటే చాలు, పిల్లను చంద్రమండలానికైనా పంపుతాం.

లేరు అంటే ఆ పొద్దు ఎవరూ కదిలేటోళ్లు కారు. నీ భార్య కూతురి చెయ్యి పట్టుకొని ఉండె. ఆ పట్టు చూసినా నేను. ఎనిమిది నెలల చదువు, తొమ్మిది మంది పాసు, అంతా ఆ పిడికిట్లో ఆగిపోయింది.

"ఎందుకు లేరమ్మా! మా హిల్డమ్మ ఉండాది" అన్నా.

అన్నాక ఆగుతానా? దేవుడు దిగొచ్చినా నా నోరు ఆపలేకపోయేటోడు. హిల్డమ్మకు పిల్లల్లేరు, నన్నే కొడుకు అంటాది, మేడ మీద రూమెప్పుడూ ఖాళీయే, మనూరోళ్లెవరు పోయినా పప్పూ అన్నం చేసి పెడతాది, నేనే నేర్పించినా అని. మీరంతా ఊపిరి పీల్చుకున్నారు. కేకు తిన్నారు. నువ్వు రెండు ముక్కలు తిన్నావు.

ఎనిమిది మంది మర్చిపోయినారప్పా! సార్ కథలు గదా అని నవ్వుకొని యాడికి పోవాల్నో ఆడికి పోయినారు. నీ కూతురు ఒక్కతే నోటు పుస్తకంలో రాసుకునింది. "సార్, వీధి పేరు ఇంకోసారి చెప్పండి." చెప్పినా. "ఇంటి నంబరు?" చెప్పినా.

"సార్, హిల్డమ్మకు ఏం తీసకపోవాల?"

అప్పుడన్నా నోరు మూసుకోవాల్సింది. నీ బిడ్డ అడుగుతాంది, పక్కన నువ్వు నిలబడుండావు, మా మగ్గం మీద నేసిందేదన్నా ఇస్తాం సార్ అంటివి. నేనేమన్నా? నీలం రంగంటే ప్రాణం ఆమెకు అన్నా. చలికి కప్పుకునేట్టు వెడల్పుగా నెయ్యి అన్నా.

ఎన్ని దినాలు నేసినావప్పా ఆ దుప్పటి?

చెప్పద్దులే. ఇరవై రెండు దినాలని తనూజ చెప్పింది. ఆ పెట్టెలో ఉండేది అదే, తెలుసు నాకు.

మూడు నెలల కిందట ఫోన్ చేసింది పిల్ల. సార్, నాకు రెండు ఊర్లలో పని ఇస్తామన్నారు, ఒకటి హర్షిణి ఉండే ఊరు, దాని రూములోనే ఉండొచ్చు, ఇంకోటి డోర్ట్‌ముండ్. నేను డోర్ట్‌ముండే పెట్టుకున్నా సార్, హిల్డమ్మ ఉంది గదా అనింది. గిడ్డయ్యా, అప్పుడు ఒక్క మాట చాలు. ఒక్కటి. నేనేమన్నానో తెలుసా? "ఆమెకు నా నమస్కారాలు చెప్పు తల్లీ" అన్నా.

కాఫీ పెట్టినావా ఈరక్కా? ఏంది, గ్లాసులు లేకుండా వచ్చినావు? చేతిలో ఏందది?

ఆ డబ్బీ యాల తెచ్చినావే?

సరే. పెట్టు. ఆయన చేతికే ఇయ్యి.

చూడప్పా. బిస్కెట్ల డబ్బీ అది. మీద బొమ్మ ఉండాది చూడు, ఎర్ర పెంకుల ఇల్లు, వాకిట్లో తెల్ల జుట్టు ముసలామె. ఇప్పుడు దాంట్లో ఈరక్క ఆవాలు పోసుకుంటాది.

అదే హిల్డమ్మ.

బనగానపల్లె పక్కన సిమెంటు ఫ్యాక్టరీ కట్టేటప్పుడు జర్మనీ ఇంజినీర్లు వచ్చిండిరి. నేను ఆడ స్టోర్‌రూములో గుమాస్తాను. ఆరేండ్లు వాళ్ల పక్కన నిలబడి నట్లు బోల్టులు లెక్కరాస్తా నేర్చుకున్నా ఆ భాష. బొంబాయి పోయి పరీక్ష రాసినా, పాసైనా, అది నిజం, సర్టిఫికెట్టు గోడకుంది. కానీ బొంబాయి దాటి పోలే. సముద్రం ఒడ్డు దాకా పోయినా, పాదాలు తడుపుకొని వచ్చినా. పదకొండేండ్లూ లేవు, పదకొండు దినాలూ లేవు. ఒక ఇంజినీరు పోతా పోతా ఆ డబ్బీ ఇచ్చినాడు. వానికి వచ్చిన జాబు కవరు మీదిది ఆ వీధి. ఆ ఇరవై ఏడు గూడా దాని మీదిదే. నలభై ఏండ్ల కిందటి కవరు.

కొట్టు, కావాలంటే కొట్టు. అట్ల డబ్బీని తుడుస్తా కూచోద్దప్పా. దాని మీద దుమ్ము లేదు.

నువ్వు మెట్లెక్కకముందే హర్షిణికి ఫోను చేసినా. విషయం మొత్తం చెప్పినా దానికి, ఒక్క ముక్క దాచలే. ఆ పిల్ల ముందు రైళ్ల టైములు చూసింది. తర్వాత "నేను రైలెక్కతా సార్, మధ్యాన్నానికి చేరతా, దాన్ని ఆడే ఉండమనండి" అనింది. ఇది కథ గాదు గిడ్డయ్యా. నమ్మవులే. నేనే నువ్వైతే నమ్మను. నా నోట్లోంచి వచ్చింది గదా.

మోగుతాంది. నీ ఫోనే. తనూజనేనా?

నువ్వు మాట్లాడద్దు. నీ గొంతు వింటే ఏడుస్తాది. ఇట్లియ్యి. ఇయ్యప్పా... ఇది నేనే చెప్పాల.

తనూజా. ఆఁ, నేనే, సార్‌ను. తిన్నావా తల్లీ? ... చలిగా ఉందా? ... ఆ నీలం దుప్పటి పెట్టెలోంచి తియ్యి. తియ్యి తల్లీ, నువ్వే కప్పుకో. అది నీకే.

ఆ షట్టరు కొట్టద్దు ఇంక. ఆడ మనోళ్లెవరూ లేరు.