ఆండాళ్ ఇంటి గోడ

రాయచూరు నగర పాలికె ఎలక్షన్లు దగ్గర పడ్డయ్. బజారు వెనక గల్లీల, పొద్దున పూజ ముగించుకొని బయటికి పోబోతున్న ఆండాళ్‌కు మొగుడు గురునాథ్ కాగితం, పెన్ను పట్టుకొని గడపల అడ్డం నిలబడ్డడు.

“ఒక్క సంతకం ఆండాళ్. ఎలక్షన్ స్క్వాడోళ్లు గల్లీల దిగిన్రంట.”

“దేనికి సంతకం?”

“గోడకు. బయట బ్యానర్ కట్టిన్రు గద, ఇంటి ఓనర్ ఒప్పుకున్నట్టు రాసియ్యాల్నంట. ఎలక్షన్ రూల్. ఇల్లు నీ పేరు మీద ఉంది గాబట్టి…”

“మన గోడకు బ్యానరా? ఎవరు కట్టిన్రు?”

“అమరప్ప మనుషులు. నువ్వు పూజల ఉంటివి.”

“ఎవరిది?”

“బట్ట బ్యానరే, ఫ్లెక్స్ గాదు. అంత రూల్ ప్రకారమే…”

“ఎవరిదండి బ్యానరు?”

“నీదే. ఆండాళ్ గురునాథ్, ఇస్త్రీపెట్టె గుర్తు.”

“నాదేంది? నా నామినేషన్ అర్జి వాపస్ తీసుకున్నరు గద?”

“ముందుగాల సంతకం పెట్టు. తర్వాత కూసొని మాట్లాడుదాం.”

“అడిగినదానికి చెప్పండి.”

“తీసుకోలే.”

“తీసుకోలేదా? మొన్న వాపస్‌కు ఆఖరు రోజు మంత్రాలయం పోదామని కారెక్కిచ్చిన్రు. నేను వచ్చి సంతకం పెట్టాల్నేమో అని కార్ల కూసొని గూడ అడిగిన. అమరప్ప చూసుకుంటడు, నువ్వు స్వామిని తల్చుకో అన్నరు.”

“అన్న.”

“అప్పటికే తెల్సు మీకు.”

“కారు పంపిందే ఆయన ఆండాళ్. నేనేం చెయ్యాలె?”

“ఇప్పుడు తీసుకుందాం. పాండి, చెప్పులేసుకుంట.”

“గడువు అయిపోయింది. ఓటు మిషన్ మీద నీ పేరు ఎక్కినట్టే. ఇగ దేవుడు దిగొచ్చినా తియ్యలేడు.”

“ఊరికె పేరుకే అన్నరు. అమరప్ప మరదలు శ్రీనిధి అర్జిల ఏమన్న తప్పులు పడి కొట్టేస్తే, అప్పుడు నాది పనికొస్తదని వేయించిన్రు. ఆమె అర్జి బాగనే ఉందంట గద. మరి ఇంక నేనెందుకు?”

“ఓట్లకు.”

“నాకెవరేస్తరు ఓట్లు?”

“బజారోళ్లు ఏస్తరు. మన చుట్టాలు, మన దుకాణాలోళ్లు.”

“వాళ్లంత హులిగెమ్మకు వేస్తమన్నరు గద. జాకెట్లు కుట్టే హులిగెమ్మకు. మొన్న మీ అన్నే మన ఇంట్ల కూసొని…”

“అందుకే.”

“ఏంది అందుకే?”

“అర్థం చేసుకోవేంది! ఆ ఓట్లు నీకు పడితే ఆమెకు తగ్గుతయ్. ఆమెకు తగ్గితే శ్రీనిధి గెలుస్తది. నువ్వు గెలిచేదేం లేదు, భయపడకు.”

“నేను గెలవాల్నని గూడ లేదన్నట్టు.”

“ఎవ్వరికీ లేదు.”

“హులిగెమ్మ మనకేం చేసిందో మర్చిపోయిన్రా?”

“మర్చిపోలే. ఊకె ఆ మాట తియ్యకు.”

“తీస్త. అత్తమ్మ వానల జారి ఈ మోరిల పడి తుంటి ఇరగ్గొట్టుకుంటే, మోరి మీద బండలు పరవమని పాలికె ఆఫీసు ముందర కూసున్నదెవరు? మనం షట్టర్ గూడ దించలే. ఆమె కుట్టుమిషన్ బంద్ పెట్టి, ఆడోళ్లను ఎంట తీస్కపోయి ఎండల కూసుంది. అత్తమ్మ మంచాన ఉన్నన్ని రోజులు ఆమె పేరే తల్చేది. నువ్వు ఎలక్షన్ల నిలబడితే నీ ఎంబడి ఇల్లిల్లు తిరుగుత అని మాటిచ్చిన. మీ ముందరనే ఇచ్చిన.”

“ఇచ్చినవ్. ఆమెకు నేను చెప్తలే.”

“ఏం చెప్తరు?”

“ఏదో ఒకటి.”

“నిన్న నల్లా కాడ నన్ను చూసి మొఖం తిప్పుకొని పోయింది. పనిల పడి చూడలేదేమో అనుకున్న. గల్లీకంత తెల్సు, నాకొక్కదానికే తెల్వదు.”

“సంతకం పెట్టు ఆండాళ్. వాళ్లొస్తున్నరు.”

“పెట్టకుంటే?”

“బ్యానర్ పీకేస్తరు. కేస్ బుక్ చేస్తరు. అమరప్పకు కోపమొస్తది.”

“రానీయండి.”

“రానీ అంటవ్! దుకాణం ఎవరి మడిగెల కిరాయికుంది? అమరప్పదే గద. ఆ బజార్ల ఇంకో మడిగె నాకెవరిస్తరు? నవ్వుకుంటనే అన్నడు నాతోటి. గురునాథ్, మీ ఇంట్లామె నిలబడాలె, లేకుంటే నువ్వు నిలబడ్డ జాగ ఖాళీ చెయ్యాలె, అని.”

“ఎప్పుడన్నడు?”

“అర్జి వెయ్యక ముందే.”

“నాకు చెప్పలే.”

“చెప్తే నువ్వు ఒప్పుకుంటుంటివా?”

“ఇద్దరం ఆలోచన చేస్తుంటిమి. అత్తమ్మ నా పేరు మీద పెట్టిన ఇల్లుంది. ముందర అర్రల దుకాణం పెడ్తుంటిమి.”

“గల్లీల కూసొని స్టీల్ సామాన్ అమ్మాల్నా? బజారోళ్లు నవ్వుతరు.”

“ఇప్పుడు నవ్వుతలేరా?”

“ఆండాళ్, నేను రోజు ఎట్ల నిద్రపోతున్ననో నీకు తెల్వదు. ఎటు పోయినా ఆయన మనిషే ఎదురొస్తడు. ఓటింగ్ అయ్యేదాక ఓర్చుకో. నువ్వు మాట్లాడే పని గూడ లేదు. ఆటోల నిలబడి చేతులు జోడిస్తే చాలు, మైకుల వాళ్లే చెప్పుకుంటరు.”

“హులిగెమ్మకే వెయ్యండి అని ఆ మైకుల నేను చెప్త.”

“మైకు నీ చేతికి ఎవరిస్తరే?”

“అయితే ఇంటింటికి పోయి చెప్త.”

“పో. మొగుడు పెండ్లాల పంచాయితి అంటరు. హులిగెమ్మ మందు పెట్టింది అంటరు. నువ్వు ఎంత చెప్పినా మిషన్ మీద నీ పేరుంటది, ఇస్త్రీపెట్టె ఉంటది. ఇదిగో పెన్ను.”

“వద్దు. ఆ చెయ్యి తియ్యండి.”

తలుపు చప్పుడైంది. స్క్వాడు మనిషి ఎనక గల్లీ జనమంత గుమిగూడిన్రు. ఎదురింటి అరుగు మీద, మెడల టేపు అట్లనే ఉంచుకొని హులిగెమ్మ నిలబడ్డది. ఆమె ఇటు చూస్తలేదు.

“నమస్కార. ఎలక్షన్ స్క్వాడ్. ఈ బ్యానర్‌కు ఇంటి ఓనర్ ఒప్పిగె ఉందా?”

“ఉంది సార్, ఉంది. లోపలికి రండి, చాయ్ తాగుతుండండి, రాసిస్త…”

“చాయ్ వద్దు. ఓనర్ ఎవరు?”

“మా ఇంట్లామెనే సార్. ఒప్పుకుంది. ఏమే, చెప్పు సార్‌కు.”

“ఇల్లు నాదే సార్.”

“బ్యానర్ కట్టనీకె మీరు ఒప్పుకున్నరా అమ్మా?”

“లేదు.”

“ఏమే!”

“నన్ను ఎవ్వరు అడగలే. నేను ఒప్పుకోలే.”

“సార్, ఆమెకు పానం బాగలేదు, రాత్రి నుంచి జరం…”

“మీరు జర ఆగండి. అమ్మా, ఆలోచన చేసి చెప్పండి. ఒప్పిగె లేకుంటే బ్యానర్ తీసేసి, ఫిర్యాదు మీ పేరు మీద రాసుకొని, క్యాండిడేట్ మీద కేస్ పెడ్తం. అందరు ఫోన్లల్ల తీస్తున్నరు. రేపు మాట మారిస్తే నడవదు.”

“తియ్యనీయండి సార్. తియ్యాల్ననే చెప్తున్న.”

“నీ కాళ్లు మొక్కుతనే. దుకాణం పోతది.”

“తెల్సండి. పోతది.”

“సరే. పీకండ్రా దాన్ని. అమ్మా, ఈ ఆండాళ్ గురునాథ్ ఎక్కడుంటది? నోటీస్ ఆమె చేతికే ఇయ్యాలె.”

“ఇటియ్యండి సార్, ఆండాళ్ నేనే. ఎవరి ఫిర్యాదు మీద ఎవరికిస్తున్నరో జర గట్టిగ చదవండి, హులిగెమ్మకు గూడ ఇనపడాలె.”