పత్తిచేనులో ఊదా లైటు

నా పేరు నిరోష. తండ్రి దశరథ. వయసు ఇరవై ఏడు. మర్రిగూడలో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాను. మా పత్తిచేనును ఆనుకొని ఎల్లేష్ చేను ఉంది. మాకు దారి, బోరునీళ్లు రెండూ ఆయన చేనులోనుంచే రావాలి. తన పంటను నేను కావాలని పాడుచేశానని ఆయన ఇచ్చిన ఫిర్యాదు మీద నన్ను పోలీస్ స్టేషనుకు పిలిచారు.

నిరుడు మా పత్తికాయల్లో గులాబీ రంగు పురుగు పడింది. దాని రెక్కల పురుగులు రాత్రిపూట వచ్చి గుడ్లు పెడతాయి. అవి ఎప్పుడు దిగుతాయో తెలుసుకోవాలని ఈ వానాకాలం నేనే ఒక కెమెరా తయారుచేశాను. షాపులో పడి ఉన్న పాత ఫోను, ఊదా రంగు లైటు, బ్యాటరీ, వెనక మా బాపు తెల్ల ధోవతి. వెలుగుకు వచ్చి బట్ట మీద వాలిన పురుగులను ఫోను తనంతట తానే ఫొటోలు తీసేది. పొద్దున షాపులో కూర్చొని వాటిని చూసేదాన్ని.

ఆగస్టు చివర అవి కనిపించాయి. వ్యవసాయాధికారికి చూపిస్తే అవేనన్నారు. అదే రోజు ఎల్లేష్ దగ్గరికి పోయాను.

"మామా, పురుగు దిగింది. విచ్చుకోకుండ ముడుసుకున్న పూలల్ల పురుగుంటది, ఏరి కాలబెట్టుర్రి" అన్నాను.

"ఇత్తనాల సంచి మీద పురుగు రాదని రాసిండ్రు. నీ సెల్లుకే ఎక్కువ ఎరుకనా?" అని నవ్వాడు.

మా చేనులో పూలు బాపు, నేను కలిసి ఏరాం.

అక్టోబరులో ఎల్లేష్ కాయలన్నీ పుచ్చిపోయాయి. మావి సగానికి పైగా నిలిచాయి. ఒకరోజు పొద్దున పదిమందిని వెంటబెట్టుకొని మా చేనుకు వచ్చాడు.

"గీ లైటే పురుగును పిలిచింది. మీది మంచిగుండి నాది పోవుడేంది?" అని అరిచాడు.

పురుగు నిరుడే వచ్చిందని, అప్పుడు లైటు లేదని చెప్పాను. ఎవరూ వినలేదు. నేను బాపు వైపు చూశాను.

బాపు "నా బిడ్డదే తప్పు బావా" అన్నాడు. రాయి తీసుకొని ముందు ఫోనును, తర్వాత లైటును కొట్టాడు. నాతోపాటు పూలు ఏరిన మనిషే.

ఇంటికి వచ్చాక, "దారి బంద్ జేస్తే యాడికెల్లి పోతం బిడ్డా? నీళ్లు ఎవరిస్తరు?" అన్నాడు. ఆ రోజు నేను అన్నం వండలేదు.

కెమెరా గురించి కేసు పెడతావా అని ఎస్సై గారు అడిగారు. పెట్టను. ఇకమీద చేనులో లైటు పెట్టనని రాసిమ్మన్నారు. అదీ రాయను. ఇప్పుడు బాపు బయట బెంచీ మీద ఎల్లేష్ పక్కన కూర్చొని, ఆయన తెప్పించిన ఛాయ్ తాగుతున్నాడు.

నేను చెప్పింది ఇంతే, జరిగింది కూడా ఇంతే. రాసుకున్నది నాకు చదివి వినిపించారు. ఒకచోట "కెమెరా పగిలిపోయింది" అని ఉంటే "మా బాపు పగలగొట్టాడు" అని దిద్దించి సంతకం చేస్తున్నాను.

(సంతకం) నిరోష