దుప్పటి కప్పిన కంప్యూటరు

నాగరత్తమ్మకి మనుషుల మీద అనుమానం. ఎవరో కాదు, మా మగ్గాల వీధిలోనే, మా ఇంటికి రెండిళ్ళ అవతల. ఆమె మొగుడు కోటయ్య చీరలకి బుటాలు గీసేవాడు. ఎట్టాంటి బుటాలనుకున్నావ్, నెమలిని గీస్తే మెడ తిప్పి మనల్నే చూసేది! అన్నీ ఇంట్లో కంప్యూటర్లో గీసిపెట్టి, పాపం, ఉన్నట్టుండి పోయాడు. ఇంక ఆమెకి మిగిలిందల్లా ఆ బుటాలే, వాటితోనే నేత, వాటితోనే కూడు. మా వాళ్ళకో అలవాటుంది, తెలుసుగా, కొత్త చీర మగ్గం మీదుండగా ఎవరన్నా గడప తొక్కితే గబుక్కున దుప్పటి కప్పేస్తాం, చూసి నేసేస్తారని. ఈమె కంప్యూటరుకీ అట్టాగే కప్పేదంట! అందులో పక్కింటి భూలక్ష్మి వస్తే మరీను, వాళ్ళదీ నేతే, వాళ్ళింట్లోనూ ఓ కంప్యూటరుంది. ఆమె కూరగిన్నె ఇద్దామని వచ్చినా, "ఏంది వదినా, కూర ఇయ్యటానికొచ్చావా, బుటా చూట్టానికొచ్చావా?" అనేదంట. కాపీ తీసి ఇంకోచోట దాచుకోమంటే, రెండు చోట్లుంటే ఇద్దరు దొంగలు తయారవుతారని అదీ మానేసింది.

ఏమైందంటే, ఇంటర్నెట్టు వైరు మాత్రం వీధంతా కలిపి ఒకటే లాక్కున్నారు. దానికి దుప్పటెవరు కప్పుతారు? కంప్యూటరేమో, అమ్మా నాలో కన్నం పడింది, పూడ్చటానికి అతుకొచ్చింది, వేసుకోనా అని తెర మీద అడిగేదంట. ముక్కూమొహం తెలీనోడు ఊరికే ఇల్లు బాగుచేస్తానంటే రానిస్తామా, వీడెవడో దొంగే అనుకుని ఈమె వద్దని నొక్కేసేది. అది మళ్ళీ అడిగేది, ఈమె మళ్ళీ వద్దనేది. అడిగేది, వద్దనేది. ఒకరోజు పొద్దున దుప్పటి తీసి చూస్తే ఏముంది, ఒక్క బుటా తెరుచుకోదు! అన్నీ పిచ్చి గీతలే. ఇంక వీధిలోకొచ్చి భూలక్ష్మి మీద తిట్లే తిట్లు. "నా మొగుడి బుటాలు దోచుకుని, పట్టుబడతావని చెరిపేశావు కదే!" అని. తిట్లు తిన్న భూలక్ష్మి టౌను నుంచి కంప్యూటర్లు బాగుచేసే రషీదుని తనే పిలిపించింది.

అతను చూసి చూసి ఏమన్నాడంటే, ఇది మనిషి పని కాదమ్మా, కంప్యూటర్లకి పట్టే పురుగు, ఎవరూ ముట్టుకోకుండానే వైరెంట ఇంటింటికీ దానంతటదే పాకుద్ది, భూలక్ష్మిగారు ఆ అతుకేసుకున్నారు గనక వాళ్ళ కంప్యూటర్లోకి దూరలేకపోయింది, మీరు కన్నం అట్టాగే వదిలేశారు అన్నాడంట. "పోయినవి నేను తేలేను. ఇంకెక్కడన్నా కాపీ ఉంటే చెప్పండి, ఎక్కించేస్తా" అన్నాడు. నాగరత్తమ్మ లేచెళ్ళి భూలక్ష్మి చేతులు రెండూ పట్టుకుంది. "వదినా, ఏమీ అనను, నిజం చెప్పు. ఒక్క నెమలన్నా దొంగిలించావా? దొంగిలించానని చెప్పు వదినా!" భూలక్ష్మి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నీ మీద ఒట్టు రత్తమ్మా, నేనేనాడూ ముట్టుకోలా" అందంట. అంతే, ఈమె నేల మీద కూలబడి బావురుమంది. ఏం చెప్పమంటావ్, పక్కింటామె దొంగ కాదని తేలినందుకు అంతలా ఏడ్చిన మనిషిని నా జన్మలో చూళ్ళేదు.