యాంగస్ బ్రోచ్, అరకిలో చింతపండు

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఆ శనివారం నాలుగింటికి జ్ఞానరాజు ఇంటి వెనక వరండాలో టీకి కూర్చున్నాం. నేను, డాక్టర్ ద్వారకానాథ్, ఆయన భార్య లీల. జ్ఞానరాజుది నరసాపురం. ఇక్కడ ఆస్పత్రి లాండ్రీలో సూపర్‌వైజరు. పక్కింటి ముసలాయన యాంగస్ తన తాతల నాటి స్కాట్లాండ్ వెండి బ్రోచ్‌ను బాగుచేయమని ఈయనకిచ్చాడు. భుజం మీద శాలువా జారకుండా పట్టి ఉంచే పిన్ను అది, అరచేయంత ఉంటుంది, నడుమ తేనెరంగు రాయి. రేపు బ్యాగ్‌పైపు వాద్యబృందం ఊరేగింపు. ఎనభై ఒక్క ఏళ్ల యాంగస్ అది పెట్టుకుని ముందు నడవాలి. వచ్చే ఏడు నడవగలడో లేదో. ఐదింటికి వచ్చి తీసుకెళ్తానన్నాడు.

రాని పని వచ్చునని చెప్పబట్టే ఆ వస్తువు జ్ఞానరాజు చేతిలో పడింది.

"మా తాత వెండిపని చేసేవాడని చర్చిలో మాటవరసకు అన్నానండి, అంతే" అన్నాడాయన.

"మీ తాతగారు పోస్ట్‌మాస్టరన్నారుగా?" అన్నాడు డాక్టరు.

"ఆదివారాలు వెండిపనండి. సరే, పని చిన్నదే. రాయి కొంచెం కదులుతోంది. పళ్లపుల్ల కొనతో రాయిని పట్టే నాలుగు కొక్కేలూ ఇలా నొక్కాను, కూర్చుంది. అక్కడితో ఆపొచ్చు. కానీ దాని మీద అల్లిక చెక్కారు చూడండి, ముడిలో ముడి, మెలికల ముగ్గులాగా, మొదలూ చివరా దొరకదు. ఆ గీతల నిండా నలుపు. రెండొందల ఏళ్ల మట్టితో తిరిగిచ్చేస్తే మన పరువేం గాను? బ్రిస్బేన్ నుంచి తెచ్చిన చింతపండు అరకిలో గిన్నెలో పిసికి, బ్రోచ్ అందులో వేసి పొయ్యి మీద పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

లీల టీ కప్పు కింద పెట్టింది. "ఏమైంది?"

"పొరలు పొరలుగా ఊడొచ్చిందమ్మా. మొదటి పొర యాంగస్ తండ్రిది, పొగాకు వాసన. రెండోది తాతది, గొర్రెల వాసన. మూడోది వచ్చేసరికి తుపాకిమందు. నేను తుమ్మిన తుమ్ముకి గిన్నె పొయ్యి దిగిపోయింది. ఏదో పాత యుద్ధం తాలూకు మందన్నమాట."

"యుద్ధం పేరేమిటి?" అన్నాడు డాక్టరు.

"వాసనలో పేరుండదు కదండి. ఇక తళతళలాడిపోయింది. తీసి కిటికీలో పెడితే, కొండ దిగే రోడ్డు మీద ట్రక్కువాళ్లు పట్టపగలే నల్లకళ్లద్దాలు పెట్టుకున్నారు. ఎదురింటి కోళ్లు మళ్లీ తెల్లారిందనుకుని రెండో విడత గుడ్లు పెట్టేశాయి. బ్రిస్బేన్‌లో దిగాల్సిన విమానం ఒకటి మన ఇంటి మీద మూడు చుట్లు తిరిగింది."

"ప్రయాణికులు కనబడ్డారా?" అన్నాన్నేను.

"కిటికీ పక్కవాళ్లే కనబడ్డారు. అది కాదండి అసలు సంగతి. గోడవతల యాంగస్ బ్యాగ్‌పైపు, పెట్టెలో పెట్టి తాళం వేసిందే, దానంతటదే మోగింది. ఆ మోత విని స్కాట్లాండ్ నుంచి వాళ్ల వంశం పెద్ద ఫోను. మా మగవాళ్లు మేజోళ్లలో పెట్టుకునే చిన్న కత్తులు, నడుముకి కట్టుకునే తోలుసంచులు, వాటికి వెండి మూతలు, మొత్తం మూడొందలు, నీ చేత్తోనే తుడవాలి అన్నాడు. నా గళ్ల లుంగీ చూసి, ఇవి మా వంశం గళ్లే అని నన్ను వాళ్లలో కలిపేసుకున్నాడు."

"ఫోన్లో లుంగీ ఎలా చూశాడు?" అన్నాడు డాక్టరు.

"గొంతును బట్టి పోల్చుకుంటారండి."

"అన్నయ్యగారూ" అంది లీల. "ఎంతసేపు ఉడకబెట్టారు?"

"ముప్పావుగంట."

"మా నాన్న తెనాలిలో కుందనం పని చేసేవారు. రాయి కింద పలచటి రేకు పరిచేవారు. మెరుపంతా ఆ రేకుదే. నీళ్లు దిగితే అది చచ్చిపోతుంది. ఇలాంటి పాత రాళ్లకూ అడుగున రేకుంటుంది. ఇక ఆ నలుపు మట్టి కాదండి. చెక్కినవాడే నింపుతాడు, అల్లిక కనబడాలని."

"స్కాట్లాండ్ పని వేరమ్మా."

"అయితే చూపించండి."

జ్ఞానరాజు టీ తాగాడు. కప్పులో టీ లేదు. ఆయన భార్య అమృతం వంటింట్లోంచి ఒక ప్లేటు తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో బ్రోచ్ పాలగిన్నె మూతలా తెల్లగా ఉంది. ముడులు వేలితో తడిమితేనే తెలుస్తున్నాయి. నడుమ గుంట ఖాళీ. పక్కన అగ్గిపెట్టెలో బెల్లంముక్కలాంటి రాయి.

"గిన్నె అడుగున దొరికింది" అంది అమృతం. "పొద్దుటినుంచీ చెబుతున్నాను, ముందే వెళ్లి ఆయనకు చెప్పండని."

గేటు చప్పుడైంది. యాంగస్ వచ్చాడు. గళ్ల శాలువా భుజాన వేసుకుని, జారకుండా ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"మాకు చెప్పారుగా" అంది అమృతం. "ఇప్పుడు ఆయనకు చెప్పండి."

జ్ఞానరాజు ప్లేటు తీసుకుని మెట్లు దిగాడు.

"పాడుచేశాను, యాంగస్. నాకీ పని రాదు. చింతపండులో ఉడకబెట్టాను."

యాంగస్ అగ్గిపెట్టె తెరిచి రాయిని చూశాడు.

"చింతపండంటే ఏమిటి?" అన్నాడు.

జ్ఞానరాజు మా వైపు చూశాడు.

"మా ఇళ్లల్లో ఇత్తడి తోమేది" అన్నాడు.