ఖాళీ మెషీన్ మీద పరీక్ష

వదినా, పాపా, ఆయనతో పనిచేసినవాళ్లారా, ఆయన కోసం పని మానుకుని వచ్చినవాళ్లారా! ఈ హాల్లో కుర్చీలు చాలలేదు. ఆయనే ఉంటే ముందే చూసుకునేవారు. ఆయన లేరన్న సంగతి నాకు గుమ్మంలోనే తెలిసొచ్చింది.

ఆఫీసులో ఆయన్ని ‘ఖాళీ మాస్టారు’ అని ఏడిపించేవాళ్లం. మేం రాసే ప్రోగ్రాంకి వేరే చిన్న ప్రోగ్రాంలు తోడు కావాలి. వాటిని మాడ్యూళ్లంటాం. మా మెషీన్లలో, అంటే మా కంప్యూటర్లలో, వాటిని ఎప్పుడో వేసుకుని మరిచిపోతాం, అందుకే మా దగ్గర అన్నీ నడుస్తాయి. ఆయన మాత్రం ప్రతి ప్రోగ్రాంకీ ఏమీ లేని మెషీన్ మీద, దానంతటదే పరీక్ష జరిగే ఏర్పాటు చేశారు. లేనిదేదో అక్కడ బయటపడేది.

ఒకసారి రక్తనిధి ప్రోగ్రాం ఆసుపత్రికి వెళ్లాలి. మా అందరి దగ్గరా నడిచింది. స్వీట్లు కూడా పంచుకున్నాం. ఆయన ఖాళీ మెషీన్ మీద కుప్పకూలింది. రక్తం గ్రూపులు సరిపోల్చే మాడ్యూల్ కావాలని ప్రోగ్రాంతో పాటు పంపే జాబితాలో ఎవరమూ రాయలేదు. మేం తలలు పట్టుకుంటే ఆయన ముఖం వెలిగిపోయింది. “ఇక్కడ పడింది, బతికిపోయాం. అక్కడ పడితే మంచం మీదున్నవాడి గతేంటి?” అన్నారు.

తర్వాత మాటిమాటికీ సెలవు పెట్టడం మొదలుపెట్టారు. ఫోన్ కట్టేసేవారు. “నేను లేకపోతే ఏం ఆగుతుందో చూడండి” అనేవారు. ఆగినదల్లా తిరిగొచ్చి మాకు నేర్పేవారు. మళ్లీ సెలవు. జబ్బు సంగతి మాకేం తెలుసు? నవ్వుకున్నాం.

ఇంట్లో మాత్రం ఎవరికి తెలుసు? మోటారు చెడితే ఎవరిని పిలవాలో, బ్యాంకులో ఎవరిని అడగాలో, అన్నీ వదినచేతే చేయించి తను గోడకానుకుని చూసేవారట. వదినా, ‘ఈమధ్య మీకు బద్ధకం ముదిరింది’ అని ఆయన్ని కసిరానని నిన్న మీరు ఏడ్చారు. ఆ తిట్లు తింటూనే ఆయన అనుకున్నది చేశారు. మిమ్మల్ని ఒక్క రోజు కూడా తప్పుపట్టి ఉండరు.

ఆయన పోయిన ఉదయం ఆఫీసులో ఏ పనీ ఆగలేదు. ఖాళీ మెషీన్ మీద టెస్టులన్నీ పాసయ్యాయి. తెరంతా పచ్చగా ఉంది. అది చూసి ఏడ్చాం. ఏదో ఒకటి ఆగిపోతే బాగుండనిపించింది. ఆయన లేరని ఆ మెషీనుకైనా తెలియొద్దా?

పనులన్నీ మాకు నేర్పి వెళ్లారు. ఆయన లేకుండా ఉండటం మాత్రం నేర్పలేదు.

అందరం లేద్దాం. కుర్చీ దొరికినవాళ్లు, దొరకనివాళ్ల పక్కన వచ్చి నిలబడండి. కాసేపు ఎవరం ఏమీ మాట్లాడొద్దు.