చీమ కుట్టినంత

ఫ్యాక్టరీలో ఆపేసిన ప్రెస్ మిషన్ పక్కన బావా, బావమరిదీ నిలబడి ఉన్నారు. బావ ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. బావమరిది తన చూపుడు వేలిని గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"ఏమైందిరా వేలికి?"

"ఏం లేదు బావా. హైడ్రాలిక్ నూనె గొట్టం ఎక్కడ కారుతోందా అని చెయ్యి పెట్టి తడిమాను. చీమ కుట్టినట్టయింది, అంతే."

"మిషన్ నడుస్తుండగానా?"

"నడుస్తుంటేనే కదా కారేది! నొప్పి కూడా లేదు. షిఫ్టయ్యాక చూసుకుందాం లెండి."

"పద ఆస్పత్రికి. ఇప్పుడే."

"సూది మొనంత చుక్కకా? నలుగురూ నవ్వుతారు."

"ఆ గొట్టంలోని ప్రెషర్‌కి నూనె చర్మం చీల్చుకుని లోపలికి పోతుందిరా. సాయంత్రానికి చెయ్యంతా ఉబ్బుతుంది. వెంటనే కోయించి కడిగించకపోతే వేలు దక్కదు. ఆ నూనె డబ్బా కూడా పట్టుకో, డాక్టరుకి చూపించాలి."

"ఇదంతా మీకెలా తెలుసు?"

"నా చెయ్యి చూడు."

"ఆ వేళ్లు మిషన్లో పడి నలిగాయన్నారుగా?"

"అందరికీ అలాగే చెప్పాను. మీ అక్కకి కూడా. పదేళ్ల అనుభవమున్న ఫిట్టర్ని, లీకు కోసం చెయ్యి పెట్టానంటే పరువు పోతుందనిపించింది."

"మరి ఎలా వెతకాలి?"

"దూరం నుంచి అట్టముక్క అడ్డం పెట్టాలి. అది తడిసిన చోటే చిల్లు."

"నాకు పని నేర్పింది మీరే కదా బావా. ఈ ఒక్క మాటా ఎందుకు చెప్పలేదు?"

"చెబితే, నాకెలా తెలిసిందని అడిగేవాడివి కదరా."