చీకట్లో కుట్టిన గుండీ

సినిమా హాలు ఎదుట టీ కొట్టు బల్ల మీద టైలరు మావయ్య కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. నా కొత్త చొక్కా పొట్లం ఆయన ఒళ్ళో ఉంది. నేను కరెంటు పని చేసే ఆసుపత్రిలో నర్సమ్మాయి, ఎన్నాళ్ళు అడిగితేనో, ఇవాళ సాయంత్రం ఆటకి నాతో వస్తానంది. నా ఒంటి మీదేమో గ్రీజు మరకల చొక్కా. పొట్లం అడిగితే ఇవ్వడు, కథ విని తీసుకెళ్ళమంటాడు.

"ఇస్తానురా, పారిపోతుందా? ఆలస్యం ఎందుకయిందో తెలియాలా వద్దా? కాలు బెణికింది కదా, ఇన్నేళ్ళూ మిషను తొక్కుతూ వదిలేసిన సినిమాలన్నీ ఇంట్లో కూర్చుని చూసేద్దామనుకున్నా. మొదట ఊరికే ఒకటి. మీ అత్త బట్టలు ఆరేసి వచ్చేసరికి అయిపోయింది. అదెలాగంటావా? పాట రాగానే నేను గుడ్లురిమి చూసేవాణ్ణి, అదే సిగ్గుపడి దాటిపోయేది."

"పాట సిగ్గుపడిందా?" అంది టీ కొట్టు అక్క, గ్లాసులు కడుగుతూ.

"నువ్వు చూశావా, నేను చూశానా? తర్వాత ఒకటి ఏ మూలకీ చాల్లేదు. టీవీలో ఒకటి, ఫోన్లో ఒకటి, కిటికీలోంచి ఎదురింటి వాళ్ళ టీవీలో ఒకటి. ఈ కన్ను ఇటు, ఆ కన్ను అటు."

"మూడోదానికి కన్నేదీ?" అన్నాను.

"చెవి లేదూ? చెవితో చూశా. మధ్యలో అడ్డం రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సినిమాలు అయిపోయాయి! టీవీ వాళ్ళే ఫోన్ చేశారు, 'మావయ్యగారూ, ఇంక సినిమాల్లేవండీ, తీస్తున్నాం, కాస్త ఓపిక పట్టండీ' అని. సరే పాపం అని, కర్ర పట్టుకుని ఇదిగో ఈ హాలుకే వచ్చా."

లోపల మొదటి గంట కొట్టారు. "మావయ్యా, పొట్లం," అన్నాను.

"మొదటి గంటేగా, కూర్చో. ముందు వరసలో కూర్చున్నా. తెర మీద కొట్లాట. హీరో అందర్నీ ఉతికి ఆరేస్తున్నాడు. మీరంతా దెబ్బలు చూస్తారు, నేను చొక్కా చూస్తా, నా పని అది. చూద్దును కదా, కాలరు కింద గుండీ దారం మీద వేలాడుతోంది! ఇంకొక్క గుద్దు గుద్దితే ఊడిపోతుంది, హీరో పరువేం కాను? 'ఆగవయ్యా!' అని ఒక్క కేక వేశా. ఆగాడు. విలనూ ఆగాడు, ఎత్తిన కత్తి ఎత్తినట్టే. 'ఉండండి, టీ తాగొస్తా' అని బయటికొచ్చి, ఇక్కడే తాగి వెళ్ళేదాకా ఒక్కడు కదిలితే ఒట్టు."

"ఆ కత్తెత్తినవాడికో గ్లాసు పట్టుకెళ్ళకపోయావా?" అంది అక్క.

"పట్టుకెళ్ళా! చల్లారిపోయిందని వాడితో పేచీ. సరే, తెర ఎక్కి ఈ జేబులోంచి సూదీ దారం తీశా. నా జేబులో అవి లేని రోజు లేదు. హాలంతా చీకటి. కన్నెత్తి చూడకుండా, ఒక్క విసురుకి దారం బెజ్జంలో దూరింది. గుండీ కుట్టి, మిగిలిన దారం విలన్ కత్తితోనే కోశా. హీరో నాకు దణ్ణం పెట్టి మళ్ళీ కొట్లాటలోకి దూకాడు. జనం చప్పట్లు ఆయనకనుకున్నావా? నాకు!"

రెండో గంట కొట్టారు. వీధి చివర ఆ అమ్మాయి కనిపించింది, సంచీ భుజాన వేసుకుని గబగబా వస్తోంది. నేనింక ఆగలేక పొట్లం లాక్కుని విప్పాను. కుట్టు బాగుంది, కాలరు బాగుంది. గుండీలు మాత్రం ఒక్కటీ లేవు. అడుగున కాగితంలో చుట్టి ఉన్నాయి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "మావయ్యా! ఇంతసేపూ కోతలు కోసింది ఇందుకా?"

"ఎంతసేపురా, పట్టు," అని ఆయన జేబులు తడుముకున్నాడు. పై జేబు, పక్క జేబు, మళ్ళీ పై జేబు. ఆఖరికి అక్కే తన డబ్బాలోంచి సూదీ దారం తెచ్చిచ్చింది. ట్యూబులైటు కింద నిలబడి, దారం కొస తడిచేసి, ఒక కన్ను మూసి గుచ్చాడు. పక్కకి పోయింది. మళ్ళీ గుచ్చాడు. మళ్ళీ పోయింది.

"కళ్ళద్దాలు టీవీ దగ్గర మర్చిపోయానురా," అన్నాడు, గొంతు తగ్గించి.

ఈలోగా ఆ అమ్మాయి రానే వచ్చింది. నేను నోరు తెరిచేలోపే అక్క ఆమెకి అంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది, టీ కోసం ఆగిన హీరోతో సహా. ఆమె సూది అందుకుని, ఒక్కసారికే దారం ఎక్కించి మావయ్య చేతిలో పెట్టింది. లోపల ఆఖరి గంట మోగింది. ఆమె మాత్రం బల్ల మీద నా పక్కన కూర్చుని టీ చెప్పింది. సినిమా మొదలు పోతోందన్న దిగులు నాకు అక్కడికక్కడే తీరిపోయింది.

"నిదానంగా కుట్టండి మావయ్యగారూ," అంది ఆమె. "మీ టీ కోసం ఆగినవాడు, మా గుండీల కోసం ఆగడా?"